‘అప్పుడే చేసి ఉంటే...’ అనిపిస్తోందా?

చదువు, ఉద్యోగం విషయంలో ‘అయ్యో’ అనుకోని వాళ్లుండరు. ఆ బాధను ఏ వయసువాళ్లు ఎలా దాటుతున్నారో తెలిస్తే మీ దారి కాస్త తేలికవుతుంది.

పందొమ్మిదేళ్ల ఇంజినీరింగ్ విద్యార్థిని కదిపి చూడండి. ‘వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు చూశాగానీ బ్రాంచి చూసుకోలేదు’ అంటాడు. ఫైనలియర్ అమ్మాయిని అడిగితే ‘సెకండియర్‌లోనే కోడింగ్ మీద కూర్చుని ఉంటే ఈపాటికి ఆఫర్ లెటర్ చేతిలో ఉండేది’ అంటుంది. ముప్పై రెండేళ్ల అన్నయ్య ‘గ్రూప్స్‌కి ఇంకొక్కసారి గట్టిగా చదివి ఉంటే...’ అని ఆగిపోతాడు. యాభై దాటిన నాన్నకి ఎప్పుడో వదులుకున్న పట్నం ఉద్యోగం గుర్తొస్తుంది. డెబ్బై ఏళ్ల అమ్మమ్మ అయితే ‘నన్ను అయిదో తరగతితో మానిపించేశారు నాయనా, లేకపోతే నేనూ టీచరమ్మనయ్యేదాన్ని’ అంటుంది. కానీ ఆవిడ గొంతులో మంట ఉండదు. చెప్పేసి, నవ్వేసి, ‘అన్నం తిన్నావా?’ అని అడుగుతుంది.

అందరి నోటా ఒకటే మాట... ‘అలా చేసి ఉంటే’. పశ్చాత్తాపం అనండి, రిగ్రెట్ అనండి, దానికి వయసుతో పనిలేదు. అది వయసును బట్టి మారేది మనల్ని పట్టుకునే తీరులోనే. ఇరవైల్లో నిద్ర పట్టనివ్వదు. డెబ్బైల్లో కథలా మారిపోతుంది. మధ్యలో ఏం జరుగుతోంది? పెద్దవాళ్లకు తెలిసిన ఆ కిటుకేదో మనం ఇప్పుడే నేర్చుకోవచ్చా? మనస్తత్వ శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నల వెంటపడ్డారు. వాళ్లు చెప్పినదాంట్లో ఉద్యోగ వేటలో ఉన్న మీకు పనికొచ్చేది చాలానే ఉంది.

చదువు గురించే ఎక్కువ బాధ!

జీవితంలో జనం దేని గురించి ఎక్కువ బాధపడతారు? ప్రేమ, పెళ్లి, డబ్బు అనుకుంటాం. అమెరికాలో నీల్ రోజ్, ఏమీ సమ్మర్‌విల్ అనే పరిశోధకులు అప్పటికి వచ్చిన సర్వేలన్నీ ఒకచోట చేర్చి 2005లో ఫలితాలు ప్రచురించారు. అక్కడివాళ్ల జాబితాలో మొదటి స్థానం చదువుది. రెండోది ఉద్యోగానిది. ఆ తర్వాతే ప్రేమ.

ఎందుకలా? వాళ్లిచ్చిన వివరణ ఆసక్తికరంగా ఉంటుంది. ఎక్కడ ‘ఇప్పటికైనా మార్చుకోవచ్చు’ అన్న అవకాశం కనిపిస్తుందో, అక్కడే మనసు ఎక్కువగా గుచ్చుతుందట. అమెరికాలో నలభై ఏళ్లకైనా మళ్లీ కాలేజీలో చేరొచ్చు. ఆ వీలుంది కాబట్టే ‘చేరలేదే’ అన్న బాధ మిగులుతుంది. ఏ దారీ లేనిచోట మనసు మెల్లగా సర్దుకుంటుంది.

దీన్ని మీకు అన్వయించుకోండి. ఇరవై రెండేళ్లకు ఎటుచూసినా అవకాశాలే. అందుకే గుచ్చుకోవడమూ ఎక్కువే. అంటే మీ బాధ మీ చేతకానితనానికి గుర్తు కాదు. చాలాసార్లు అది ఎక్కడో ఇంకా తెరిచి ఉన్న తలుపు గురించి మనసు చేస్తున్న గోల.

ఇరవైల్లో: ఒక్క మెట్టులో తప్పిపోతే...

ఈ వయసులో బాధ తాజాగా ఉంటుంది. నిన్న జరిగిన ఇంటర్వ్యూ, మొన్న రాసిన పరీక్ష, పోయిన సెమిస్టర్‌లో తగిలిన బ్యాక్‌లాగ్... అన్నీ కళ్లముందే ఉంటాయి. పైగా పక్కనే పోల్చుకోవడానికి క్లాసంతా ఉంటుంది.

చిత్రమేమిటంటే, బాగా వెనకబడినవాళ్లకన్నా కొద్దిలో తప్పిపోయినవాళ్లే ఎక్కువ నలిగిపోతారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచినవాళ్ల వీడియోలు తీసుకుని, అమెరికా పరిశోధకులు వాళ్ల ముఖాల్లోని భావాలను చూసేవాళ్లతో అంచనా వేయించారు. రజతం గెలిచినవాళ్లకన్నా కాంస్యం గెలిచినవాళ్లే సంతోషంగా కనిపించారు! రజతం వచ్చినవారి మనసు ‘ఇంకొక్క అడుగైతే బంగారం’ అంటుంది. కాంస్యం వచ్చినవారి మనసు ‘కొద్దిలో పోయేదే, దక్కింది’ అంటుంది. మన పీవీ సింధు ఈ రెండు పతకాలూ అందుకుంది. 2016 రియోలో రజతం వచ్చింది ఫైనల్లో ఓడాక. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో కాంస్యం వచ్చింది చివరి మ్యాచ్ గెలిచాక. పతకం స్థాయి ఒకటి, అది చేతికందే ముందు జరిగింది మరొకటి. మనసు పట్టుకునేది ఆ రెండోదాన్నే.

క్యాంపస్‌లోనూ ఇదే తంతు. ఆప్టిట్యూడ్ రౌండ్లోనే వెనక్కి వచ్చినవాళ్లు సాయంత్రానికి క్యాంటీన్‌లో కనిపిస్తారు. హెచ్‌ఆర్ రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయినవాళ్లు వారమైనా గది దాటరు. నిజానికి రెండోవాళ్లే ఉద్యోగానికి దగ్గరగా ఉన్నారు. మూడు రౌండ్లు దాటినవాళ్లకు నాలుగోది ఎందుకు పోయిందో తెలుసుకుంటే చాలు. కానీ మనసు ఆ లెక్క చేయదు. ఆ లెక్క మీరు కాగితం మీద కూర్చుని చేయాలి.

ముప్పై, నలభైల్లో: చేయనివే వెంటాడతాయి

కాలం గడిచేకొద్దీ బాధ రంగు మారుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990ల్లో చేసిన అధ్యయనాల్లో ఈ తేడా స్పష్టంగా బయటపడింది. ఈమధ్యే జరిగినవాటిలో మనల్ని ఎక్కువగా బాధపెట్టేవి చేసిన పనులు. అదే జీవితమంతా వెనక్కి తిరిగి చూసుకుంటే బాధపెట్టేవి చేయకుండా వదిలేసినవి.

కారణం ఊహించడం కష్టమేం కాదు. చేసిన తప్పును ఏదోలా సరిదిద్దుకుంటాం. నచ్చని ఉద్యోగంలో చేరితే ఏడాదికి మానేస్తాం. అదీ కుదరకపోతే ‘పోన్లే, దానివల్ల ఓ పాఠం నేర్చుకున్నా’ అని సర్దిచెప్పుకుంటాం. చేయని పనికి అలాంటి ముగింపు ఉండదు. రాయని పరీక్షలో ఎప్పుడూ మంచి ర్యాంకే వస్తుంది. వెళ్లని ఇంటర్వ్యూలో ఎప్పుడూ ఎంపికైపోతాం. ఊహకు హద్దేముంది?

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ రోజు మనల్ని ఆపిన భయం పదేళ్ల తర్వాత చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ‘ఇంగ్లిష్ సరిగా రాదని ఆ ఇంటర్వ్యూకే వెళ్లలేదు. ఎంత పిచ్చివాణ్ని!’ అని ముప్పై అయిదేళ్లప్పుడు అనుకుంటారు. ఆ రోజు కాళ్లు వణికిన సంగతి గుర్తుండదు. ధైర్యం చేయలేదన్న సంగతి మాత్రమే గుర్తుంటుంది.

దీన్నిబట్టి ‘ఉన్న ఉద్యోగం వదిలేసి కల వెంట పరిగెత్తండి’ అని చెప్పడం తేలికే. అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ 1994లో న్యూయార్క్‌లో మంచి ఉద్యోగం వదిలేముందు ‘ఎనభై ఏళ్ల వయసులో వెనక్కి చూసుకుంటే దేనికి బాధపడతాను?’ అని ఆలోచించుకున్నానని చెప్పిన మాట కూడా ఇలాంటిచోట వినిపిస్తుంటుంది. ప్రశ్న మంచిదే. కానీ ఎడ్యుకేషన్ లోన్ కంతులు నెత్తిమీదున్నవాళ్లకు, ఇంట్లో తమ్ముడి ఫీజు కట్టాల్సినవాళ్లకు జవాబు ఆయన జవాబులాగే ఉండాలని లేదు. మీ విషయంలో ‘చేయని పని’ అంత పెద్దది కాకపోవచ్చు. పంపని రెజ్యూమె, అడగని రిఫరెన్స్, ‘నాకెక్కడొస్తుందిలే’ అని నింపకుండా వదిలేసిన దరఖాస్తు... రేపు గుచ్చుకునేవి చాలావరకు ఇలాంటివే. వీటికి ఉద్యోగం వదలక్కర్లేదు. ఓ సాయంత్రం చాలు.

అరవై దాటాక: దెయ్యం పెట్టె ఆట

మరి పెద్దవాళ్లు ఏం చేస్తున్నారు? జర్మనీలోని హాంబర్గ్‌లో స్టెఫానీ బ్రాసెన్ బృందం ఓ ఆట ఆడించింది. ఫలితాలు 2012లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి.

తెరమీద వరసగా ఎనిమిది పెట్టెలుంటాయి. ఏడింట్లో బంగారం, ఒకదాంట్లో దెయ్యం. ఒక్కో పెట్టే తెరుచుకుంటూ పోవాలి. ఎక్కడైనా ఆగిపోయి, అప్పటిదాకా వచ్చిన బంగారం ఉంచుకోవచ్చు. దెయ్యం బయటపడితే మాత్రం ఆ రౌండ్లో సంపాదించిందంతా పోతుంది. అసలు కిటుకు ఆగిపోయాక ఉంది. దెయ్యం ఎక్కడుందో అప్పుడు చూపిస్తారు. ‘అయ్యో, ఇంకో నాలుగు పెట్టెలు తెరిచి ఉండొచ్చే!’ అని అప్పుడు తెలుస్తుంది.

ఈ ఆట మూడు రకాలవాళ్లు ఆడారు. పాతికేళ్ల అటూఇటూ ఉన్న యువత, అరవై దాటి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, అదే వయసులో డిప్రెషన్‌తో బాధపడుతున్నవాళ్లు. అవకాశం చేజారిందని తెలిశాక యువత తర్వాతి రౌండ్లో ఇంకా తెగించి ఆడింది. డిప్రెషన్‌లో ఉన్న పెద్దవాళ్లూ అంతే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు మాత్రం చలించలేదు. పోయిన రౌండు పోయిందనుకుని కొత్త రౌండును కొత్తగా ఆడారు. దెయ్యం ఎక్కడుందో ముందే తెలిసే వీల్లేదు కదా, అది తమ తప్పు కాదని వాళ్లు మనసుకు చెప్పుకుని ఉంటారని పరిశోధకుల అంచనా.

ఇందులో యువతకు ఓ హెచ్చరిక ఉంది. పోయినదాని మీద బాధ మన తర్వాతి నిర్ణయాన్ని చెడగొడుతుంది. ఎలా అంటారా? క్లాసులో అందరికీ ఉద్యోగాలొచ్చి తనకు రాలేదన్న ఉక్రోషంలోనే చాలామంది ‘బ్యాక్‌డోర్ జాబ్’ మాట వింటారు. రెండు లక్షలు కడితే ఐటీ కంపెనీలో చేర్పిస్తామంటే ఇంట్లో అప్పు చేయించి మరీ కట్టేస్తారు. డబ్బులు వసూలు చేసి బోర్డు తిప్పేసిన సంస్థల మీద హైదరాబాద్‌లో కేసులు కొత్త కాదు. కట్టినవాళ్లంతా తెలివితక్కువవాళ్లేం కాదు. పోయిన రౌండు లెక్క ఈ రౌండులో తేల్చుకోవాలనుకున్నవాళ్లు, అంతే. అందుకే ఒక నియమం పెట్టుకోండి. రిజెక్ట్ అయిన వారంలో డబ్బుతో ముడిపడిన ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. కొత్త కోర్సు ఫీజైనా సరే, పది రోజులు ఆగి కట్టండి.

అసలు తేడా వయసులో లేదు

‘అయితే పెద్దయ్యేదాకా ఆగాలా?’ అంటే, అక్కర్లేదు. కెనడాలోని కాంకోర్డియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇసబెల్ బాయర్, కార్‌స్టెన్ వ్రోష్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో రకరకాల వయసులకు చెందిన 104 మందిని వాళ్ల జీవితంలోని పశ్చాత్తాపాల గురించి అడిగారు. తమకన్నా ఎక్కువ కష్టపడినవాళ్లతో పోల్చుకున్నవాళ్ల మనసు తేలికపడింది. తమకన్నా మెరుగ్గా ఉన్నవాళ్లతో పోల్చుకున్నవాళ్లకు ఆ ఊరట దక్కలేదు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి తేలింది. ఈ ఓదార్పు ఎంత పనిచేస్తుందన్నది వయసు మీద కన్నా ‘ఇప్పుడు దీన్ని మార్చుకోగలనా, లేదా?’ అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడింది.

అంటే, పెద్దవాళ్లకు మందు తెలిసింది డెబ్బై ఏళ్లు వచ్చాయని కాదు. చాలా తలుపులు మూసుకున్నాయని వాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి. మీకు కొన్ని తలుపులు మూసుకున్నాయి, చాలా తెరిచే ఉన్నాయి. రెండింటికీ ఒకే మందు వేస్తేనే చిక్కు. మూసుకున్న తలుపు ముందు కూర్చుని ఏడ్వడాన్ని మనవాళ్లు ‘గతజల సేతుబంధనం’ అన్నారు. నీళ్లు పోయాక కట్ట కట్టడం. తెరిచున్న తలుపు ముందు నిలబడి ‘నాకన్నా వెనకబడినవాళ్లూ ఉన్నారుగా’ అని ఊరడించుకోవడం అంతకన్నా ప్రమాదం. నీళ్లు పారుతుండగానే కట్ట మర్చిపోవడమది.

కాబట్టి ముందు చేయాల్సింది ఓదార్చుకోవడమూ కాదు, ఒళ్లు వంచడమూ కాదు. వేరుచేసుకోవడం.

ఓ కాగితం తీసుకోండి

మిమ్మల్ని తినేస్తున్న ‘అలా చేసి ఉంటే’లన్నీ ఒక్కొక్కటిగా రాయండి. ఒక్కోదాని పక్కన ‘మూసుకుంది’, ‘తెరిచే ఉంది’, ‘ఫలానా తేదీకి మూసుకుంటుంది’ అన్న మూడింటిలో ఒకటి రాయండి. ఊహించి కాదు, నోటిఫికేషన్ చూసి రాయండి. మూసుకుందనుకున్నవి చాలా తెరిచే ఉంటాయి.

* మూసుకున్నవి: ఇంటర్ మార్కులు, ఎంట్రన్స్ ర్యాంకు, అప్పుడు పెట్టిన వెబ్ ఆప్షన్లు ఇక మారవు. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. అది దాటిపోతే ఐఐటీలో బీటెక్‌కి ఆ దారి లేనట్టే. ఎన్‌డీఏకి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల వయసుండాలి. డిగ్రీ ఫైనలియర్‌కి వచ్చేసరికి అది దాటిపోతుంది.

* తెరిచే ఉన్నవి: గేట్‌కి వయోపరిమితి లేదు, ఎన్నిసార్లైనా రాయొచ్చు. బీటెక్ ఐఐటీలో చేయలేకపోయినా ఎంటెక్ అక్కడే చేయొచ్చు. క్యాట్‌కీ వయోపరిమితి లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం నెట్ రాయడానికీ లేదు. ఎన్‌డీఏ పోతే డిగ్రీతో సీడీఎస్ ఉంది. తప్పు బ్రాంచి తీసుకున్నామనుకునేవాళ్లకు ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఒకేసారి రెండు డిగ్రీలు చేసుకోవడానికి 2022లో యూజీసీ వీలు కల్పించింది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకు హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచీ ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే.

* తేదీ ఉన్నవి: సివిల్స్‌కి జనరల్ అభ్యర్థులకు 32 ఏళ్లు, 6 ప్రయత్నాలు. ఓబీసీలకు 35 ఏళ్లు, 9 ప్రయత్నాలు. ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్లు, ఈలోపు ఎన్నిసార్లైనా. ఐబీపీఎస్ పీఓకి 20 నుంచి 30 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపులుంటాయి. ఇలాంటి వాటిలో మీ పుట్టినరోజు లెక్కేసి, మీకు మిగిలిన ఏళ్లెన్నో రాసిపెట్టుకోండి. రేపటి పశ్చాత్తాపం ఎక్కువగా పుట్టేది ఈ మూడో వరసలోనే.

తెరిచి ఉంటే... వాక్యం మార్చండి

తెరిచున్న తలుపుల విషయంలో బాధ మీకు స్నేహితుడే. దాన్ని పోగొట్టుకోకండి, వాడుకోండి. ‘అప్పుడే కోడింగ్ నేర్చుకుని ఉంటే’ అన్న వాక్యాన్ని ‘రోజూ సాయంత్రం ఆరింటికి హాస్టల్‌కి రాగానే రెండు ప్రాబ్లమ్స్ చేస్తా’గా మార్చండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తారన్నది అందులో ఉండాలి. ‘రేపట్నుంచి బాగా చదువుతా’ అన్నది నిర్ణయం కాదు, ఓదార్పు.

ఒకేసారి అన్నీ ఎత్తుకోకండి. గేట్, బ్యాంకు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్ కోర్సు అన్నీ కలిపి మొదలుపెడితే ఆర్నెల్లకు నాలుగు కొత్త ‘అయ్యో’లు తయారవుతాయి. తేదీ దగ్గరపడుతున్న తలుపు ఒకటి, ఎప్పుడూ తెరిచుండే తలుపు ఒకటి... రెండే ఎంచుకోండి.

మూసుకుంటే... పక్కకు చూడండి

మూసుకున్న తలుపు దగ్గర చేయాల్సినవి రెండు. ఒకటి, మూసుకుందని గట్టిగా ఒప్పుకోవడం. రెండు, మరో లక్ష్యాన్ని చేతిలోకి తీసుకోవడం. మొదటిది మాత్రమే చేస్తే ఖాళీ మిగులుతుంది. రెండోది మాత్రమే చేస్తే పాత బాధ వెంటే వస్తుంది.

అబ్దుల్ కలాం కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన కల యుద్ధవిమానం నడపడం. ఏరోనాటికల్ ఇంజినీరింగ్ పూర్తయ్యాక డెహ్రాడూన్‌లో వాయుసేన సెలక్షన్ బోర్డు ముందుకెళ్లారు. పాతికమందిలో తొమ్మిదో స్థానంలో నిలిచారు. తీసుకున్నది ఎనిమిది మందినే. ఒలింపిక్స్ రజతం లాంటి దెబ్బే అది. మనసు బాగోక రిషికేశ్ వెళ్లి, స్వామి శివానందను కలిశారు. అక్కడి నుంచి ఢిల్లీ వచ్చి, అంతకుముందే ఇంటర్వ్యూ ఇచ్చిన రక్షణ శాఖ సాంకేతిక విభాగంలో 1958లో చిన్న ఉద్యోగంలో చేరారు. 1982లో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరై వచ్చారు. పృథ్వి, అగ్ని క్షిపణులు ఆయన నేతృత్వంలోనే రూపుదిద్దుకున్నాయి.

2006 జూన్‌లో పుణెలో రాష్ట్రపతి హోదాలో సుఖోయ్-30లో ఎగిరారు. అప్పటికి ఆయన వయసు 74. దీన్ని ‘కల ఎప్పటికైనా నెరవేరుతుంది’ అన్న కథగా చెప్పేస్తుంటారు. జాగ్రత్తగా చూస్తే అది కాదు. పైలట్ ఉద్యోగం తలుపు 1958లోనే మూసుకుంది, మళ్లీ తెరుచుకోలేదు. ఆయన దాని ముందు కూర్చోలేదు. విమానాల మీదున్న ఇష్టాన్ని మాత్రం వదల్లేదు. పోయింది ఒక ఉద్యోగం, మిగిలింది ఒక రంగం. మీరు కూడా ఇదే ప్రశ్న వేసుకోండి. నాకు కావాల్సింది ఆ సీటా, ఆ పనా? సీటు పోయినా ఆ పనికి ఇంకెన్ని దారులున్నాయి?

పోలిక తప్పదంటే...

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా. ఫోన్ తెరిస్తే చాలు, ఒకరి ఆఫర్ లెటర్, ఒకరి వీసా ఫొటో, ఒకరి కొత్త బైకు. వాళ్లకొచ్చిన తిరస్కరణలు మాత్రం ఎవరూ పెట్టరు. పోల్చుకోకుండా ఉండటం ఎవరివల్లా కాదు. కనీసం పనికొచ్చేలా పోల్చుకోండి. తెరిచున్న తలుపు విషయంలో మీకన్నా ఏడాది ముందున్న సీనియర్‌తో పోల్చుకోండి. ఆ ఏడాదిలో ఏం చేశారో ఫోన్ చేసి అడగండి. మూసుకున్న తలుపు విషయంలో మాత్రం అంతకన్నా తక్కువ చేతిలో పెట్టుకుని నిలబడినవాళ్లను చూడండి. ఎవర్నో తక్కువ చేసుకోవడానికి కాదు, మీ చేతిలో ఇంకా ఏం మిగిలిందో గుర్తు చేసుకోవడానికి.

ఇంటర్వ్యూలో అడిగితే?

‘మీరు బాధపడే నిర్ణయం ఏదైనా ఉందా?’, ‘ఈ ఏడాది గ్యాప్ ఎందుకొచ్చింది?’, ‘సెకండియర్‌లో మార్కులు ఎందుకు తగ్గాయి?’ అన్నవి హెచ్‌ఆర్ రౌండ్లో మామూలే. అడిగేవాళ్లకు కావాల్సింది మీ గతం కాదు, దాంతో మీరేం చేశారన్నది. ‘అలాంటిదేమీ లేదండీ’ అంటే నమ్మరు. కన్నీళ్ల కథ చెబితే ఇబ్బంది పడతారు. జరిగిందేమిటో ఒక వాక్యం, అందులో మీ బాధ్యత ఎంతో ఒక వాక్యం, ఆ తర్వాత ఏం చేశారో రెండు వాక్యాలు... నిమిషంలో ముగించండి.

‘డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు ఒక్క పరీక్షకే చదివాను, రాలేదు. పక్కన వేరే ప్రయత్నం పెట్టుకోకపోవడం నా పొరపాటే. గత ఎనిమిది నెలల్లో ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ నేర్చుకుని రెండు ప్రాజెక్టులు చేశాను. అప్పటి సన్నద్ధతవల్ల లెక్కలు, జనరల్ నాలెడ్జ్ మీద పట్టు వచ్చింది’... ఈ జవాబులో దాచిందేమీ లేదు, తలదించుకోవాల్సిందీ లేదు. మీ కాగితం మీదున్న వరసలనుంచే దీన్ని తయారుచేసుకోవచ్చు. నిజంగా చేసిందే చెప్పండి. చేయకపోతే ముందు ఆ పని మొదలుపెట్టండి.

ఒంటరిగా మోయకండి

ఒక్కోసారి కాగితం, కలం సరిపోవు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం, ‘ఇంట్లోవాళ్లకు నేను భారం’ అన్న ఆలోచన రావడం... ఇవి ఉంటే అది పశ్చాత్తాపం దాటిపోయింది. అప్పుడు కావాల్సింది సంకల్పబలం కాదు, సాయం. కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ రూమ్‌మేట్ అలా ఉన్నాడనిపిస్తే మీరే పక్కన కూర్చుని ఆ నంబరు కలపండి.

ఇంట్లో చెప్పడానికి భయపడుతున్నారా? ‘నాన్నా, మీకు చదువు విషయంలోనో ఉద్యోగం విషయంలోనో ఇప్పటికీ అయ్యో అనిపించేది ఏమైనా ఉందా?’ అని అడిగి చూడండి. ఆయనకీ ఒకటి ఉంటుంది. దాన్ని ఎలా దాటారో కూడా ఉంటుంది. ఆ మాటల మధ్యలో మీది చెప్పడం అంత కష్టమనిపించదు.

ఇక ఈ వారం ఓ గంట వీలుచూసుకుని ఆ కాగితం రాయండి. మూసుకున్నవాటిని కొట్టేయండి. తెరిచి ఉన్నవాటిలో ఒకదానికి రేపటి సమయం వేయండి. తేదీలున్నవాటిని క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి. దరఖాస్తుకు ఆఖరి రోజు ఎప్పుడో ఈ రాత్రే చూసుకోండి. వెబ్‌సైట్లు మొరాయించేది ఆ రోజే!